అలిగిన సిలిండర్లు

ఆసుపత్రి చరిత్ర పద్దెనిమిది పేజీలయింది. పంతొమ్మిదో పేజీ రాయాలి. అందులో రాయాల్సింది ఒక్కటే విషయం, అది ఎందుకు మూతపడిందని.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రి కమిటీకి ఆయన ఇరవై రెండేళ్లుగా అధ్యక్షుడు. బడి వదిలేసి చాలా కాలమైనా, ఎవరింటికి వెళ్లినా హోంవర్కు అడగడానికి వచ్చినట్టే నిలబడతారు. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"ఆదివారం ఐదింటికి సభ. సోమవారం తాళాలు ఇచ్చేస్తున్నాం. ఆ పేజీ ఏమైందమ్మా?"

"రాస్తున్నానండీ."

"పది రోజులుగా ఇదే మాట. కొండను తవ్వుతున్నావా ఏం?" అని జేబులోంచి చిన్న చీటీ తీశారు. "ఇదిగో, ఎలుకను నేనే పట్టి తెచ్చాను. ఎత్తి రాసెయ్."

చీటీలో ఒకే వాక్యం ఉంది. ఆక్సిజన్ గది సిబ్బంది అజాగ్రత్త వల్ల జరిగిన ఒక దురదృష్టకర సంఘటన తర్వాత లైసెన్సు రద్దయి ఆసుపత్రి మూతపడిందని.

"విచారణ వాళ్ల రిపోర్టులో ఉన్నదే. పేరు పెట్టలేదు చూడు. ఎంతైనా మనవాడు."

"ఆ గదికి సిబ్బంది అంటే ఒక్కడే కదా మాస్టారూ."

"అందుకేనమ్మా పేరు పెట్టంది," అన్నారాయన. తన ఔదార్యం తనకే నచ్చినట్టు తలాడించి మెట్లు దిగారు.

చీటీని బల్ల మీద పెట్టి, దాని మీద గ్లాసు పెట్టాను. కాసేపటికి గ్లాసు తీసి, చీటీని తిరగేసి, మళ్లీ గ్లాసు పెట్టాను.

మొదటి పద్దెనిమిది పేజీలు రాయడం తేలికగానే సాగింది. మిల్లు వెనక ఐదు వీధుల వాళ్లు కలిసి, ఖాళీగా పడి ఉన్న ఇస్త్రీ షెడ్డులో ఒక డాక్టరును కూర్చోబెట్టడంతో మొదలైందది. మంచాలు ఎవరికి తోచినట్టు వాళ్లు చేయించారు. అందుకే ఇరవై మంచాలూ ఇరవై ఎత్తుల్లో ఉండేవి. నర్సులు సెలైను స్టాండును మంచం మంచానికీ పైకీ కిందకీ జరుపుకుంటూ తిట్టుకునేవాళ్లు. వర్షం పడితే ఆడవాళ్ల వార్డులో మూడు బక్కెట్లు పెట్టాలి. అయినా ముప్పై ఒక్క ఏళ్లలో ఆ ఐదు వీధుల్లో పుట్టిన పిల్లల్లో సగానికి సగం మంది అక్కడే పుట్టారు. అందులో పందొమ్మిదేళ్లు నేను రికార్డు గదిలో పనిచేశాను. అందరూ రికార్డమ్మా అనేవాళ్లు. మనిషి మొహం చూసి కేసు నంబరు చెప్పేదాన్ని. ఆ ఒక్క విద్యతోనే నేను ఎవరి ముందూ తలవంచకుండా బతికాను. పెళ్లి, పిల్లలు, అందం, చదువు, ఇలాంటివాటిలో నాకు లేనివన్నీ ఆ జ్ఞాపకశక్తి భర్తీ చేస్తోందని లోపల ఎక్కడో నమ్మాను. ఇంత స్పష్టంగా ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో అది నమ్మకంలా లేదు, ఒంటి మీది చర్మంలా ఉండేది.

ఆక్సిజన్ గది గురించి పద్దెనిమిది పేజీల్లో ఒక్క ముక్క లేదు.

మెట్ల కింద చిన్న గది. పదకొండు సిలిండర్లు గోడ వారగా నిలబడి ఉండేవి. వాటిని చూసుకునే మనిషిని ఊరంతా గాలి బాబాయి అనేవాళ్లు. ఆయనకు ఆ పేరు ఇష్టమే. "పనికిమాలినవాణ్ణి కూడా గాలి అంటారు గానీ, నా గాలి లేకపోతే మీకు ఊపిరాడదు," అనేవాడు. సిలిండరు నిండుగా ఉందో ఖాళీ అయిందో బయటికి తెలియదు. మీటరు బిగించి ముల్లు చూడాలి. మీటరు మాకు ఒక్కటే. అది ఎప్పుడూ వార్డులో నడుస్తున్న సిలిండరుకే ఉండేది. అందుకని బాబాయి ఒక పద్ధతి పెట్టాడు. ఖాళీ అయినదాన్ని గదిలోకి తెచ్చి, దాని మూతి, అంటే గాలి బయటికొచ్చే పక్క గొట్టం, గోడ వైపు తిప్పి నిలబెట్టేవాడు. నిండువాటి మూతులు గుమ్మం వైపు. ఖాళీవి అలిగినట్టు, నిండువి నవ్వుతున్నట్టు లెక్క. "బాబాయ్, ఎన్ని?" అని పెద్ద సిస్టరు మెట్ల మీంచి కేకేస్తే, "మూడలిగాయి, ఎనిమిది నవ్వుతున్నాయి," అని కింది నుంచి జవాబు వచ్చేది. ఈ పద్ధతి ఏ కాగితం మీదా లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎనిమిది నెలల క్రితం ఒక బుధవారం తనిఖీ ఉందని కబురొచ్చింది. సామాన్లన్నిటికీ నంబర్లు ఉండాలన్నారు. మంగళవారం నేను రంగు వేసే అతన్ని పిలిపించాను. ఆ రోజు బాబాయి సెలవు. కూతురికి పురుడొచ్చిందని వెళ్లాడు. సిలిండర్లకు మూతి కింద, ముందు వైపు, నంబరు వేయాలి. అలిగినవి నాలుగున్నాయి. వాటిని నేనే, రంగతను ఒక చెయ్యి వేస్తే, ఇటు తిప్పాను. ఆరాక మళ్లీ గోడ వైపే తిప్పుదామనుకున్నాను. నాకెందుకు గుర్తుండదు?

రెండు గంటల తర్వాత వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. పదకొండూ నన్ను చూసి నవ్వుతున్నాయి. రెండింటి సంగతి కచ్చితంగా గుర్తుంది. మూలనున్న నాలుగోది, దాని పక్కనున్న ఐదోది. మిగతా రెండూ ఏవి? కళ్లు మూసుకుని గదిని మళ్లీ ఊహించుకున్నాను. వచ్చింది. కానీ ప్రతిసారీ వేరేగా వచ్చింది. ఏదో పోగొట్టుకున్నదానిలా ఒక్కో సిలిండరునూ ముట్టుకుంటూ తిరిగాను.

ఫోను చేసి బాబాయిని అడిగితే అయిపోయేది. కానీ అంతకు ముందు నెలలోనే నేను ఒక కేసు నంబరు తప్పు చెప్పాను. మూడు రోజులు వదల్లేదాయన. ఎవరు కనిపించినా "మన రికార్డుకు గీతలు పడ్డాయిరోయ్" అని నవ్వించాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ మూడు రోజులూ ఇంటికి వెళ్లాక అన్నం సయించలేదు. ఇప్పుడు ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. గుర్తున్న ఆ రెండింటితో పాటు, తోచినట్టు తొమ్మిదోదాన్నీ పదోదాన్నీ గోడ వైపు తిప్పాను. నాలుగూ లెక్క సరిపోయింది.

బుధవారం పొద్దున్నే బాబాయి మనవరాలు పుట్టిన సంబరంలో వచ్చాడు. గదిలోకి తొంగి చూసి, రికార్డు గది గుమ్మం దగ్గరికి వచ్చి అడిగాడు.

"రికార్డమ్మా, రంగులు అదిరాయి. అలిగినవాటిని ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకోలేదు," అన్నాను.

ఆ మాట నేను అనుకుని అన్నది కాదు. నోరు నా కంటే ముందు వెళ్లి తలుపు వేసి వచ్చింది.

గురువారం సాయంత్రం ఆరు గంటలకు పై వార్డులో దర్జీ తాతకు ఆయాసం పెరిగింది. నడుస్తున్న సిలిండరు అయిపోయింది. బాబాయి నవ్వుతున్న ఏడో నంబరును ట్రాలీ మీద పైకి తీసుకెళ్లి మీటరు బిగించాడు. ముల్లు కదల్లేదు. కిందకు పరుగెత్తి రెండోది తెచ్చాడు. అదీ కదల్లేదు. మూడోసారి తెచ్చినది పనిచేసింది. అప్పటికి పదకొండు నిమిషాలు గడిచాయి, తాత ప్రాణం పోయింది. ఆయన ఊపిరితిత్తుల పరిస్థితికి ఎలాగైనా పోయేవాడేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ను పట్టుకుని నేను చాలా రోజులు నిద్రపోయాను.

విచారణకు ముగ్గురు వచ్చారు. అలిగినవి, నవ్వేవి అని బాబాయి చెబుతుంటే ఒకాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "మీరు లేని రోజు ఆ గదిలోకి ఎవరైనా వెళ్లారా?" అని అడిగారు. "రికార్డమ్మ రంగు వేయించింది సార్. కానీ అలిగినవాటిని ముట్టుకోలేదు. నేను అడిగాను," అన్నాడు బాబాయి. ఆ వాంగ్మూలం రాసుకుంటున్నది నేనే. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా, అక్షరం పొల్లుపోకుండా రాశాను.

మాస్టారు చీటీ ఇచ్చి వెళ్లిన మర్నాడు, శనివారం పదింటికి, బాబాయి ఇంటికి వెళ్లాను. చరిత్ర కోసం ఆయన మాటలు కొన్ని కావాలని సాకు. ఈ రోజు చెప్పేయాలని అనుకుంటూనే వెళ్లాను. దారిలో ఆ వాక్యాన్ని ఎన్నో రకాలుగా కూర్చుకున్నాను. ప్రతిదాంట్లోనూ నేను కాస్త మంచిదానిలాగే కనిపిస్తున్నాను.

పిన్ని తలుపు తీసింది. "రావే అమ్మా. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా?" అని, గొంతు తగ్గించి, "ఏదైనా గట్టిగా అడక్కు. చెమటలు పట్టేస్తున్నాయి మనిషికి," అంది.

వంటింటి గోడ మీద ఒక నోటు పుస్తకం దారంతో వేలాడుతోంది. చూస్తే బాబాయి చేతిరాత. 'స్టవ్వు కట్టేశాను, ఎనిమిదీ పది. చూశాను, ఎనిమిదీ పదిహేను. మళ్లీ చూశాను.' పేజీల నిండా అదే.

"మనవరాలిని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటాడే," అంది పిన్ని. "ఎక్కడో పెట్టి మర్చిపోతాడట. పిల్ల ఏమన్నా గొడుగా?"

బాబాయి లోపలి నుంచి వచ్చాడు. బాగా తగ్గిపోయాడు. నన్ను చూసి నవ్వబోయి, నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు ఆగాడు.

"పెద్దాయన కథ తెలుసా నీకు, మా నాన్నది? అరవయ్యో ఏట మొదలైంది. ముందు చెప్పులు మర్చిపోయాడు. చివరికి మా అమ్మను పట్టుకుని, ఎవరి తాలూకమ్మా నువ్వు, అన్నాడు. నాకు మొన్న అరవై నిండాయి."

"డాక్టరు దగ్గరికి పదమంటే రాడు," అంది పిన్ని. "వెళితే నిజమని తేలిపోతుందట."

"నీకు తెలియదు, ఊరుకో. రికార్డమ్మా, నువ్వు చెప్పు. ఆ బుధవారం నేను గదిలో చూశాను. నాలుగలిగి ఉన్నాయి. సెలవుకు వెళ్లేముందు నేను తిప్పినవీ నాలుగే. లెక్క సరిపోయింది. లోపల మాత్రం రెండు మారిపోయి ఉన్నాయి. అంటే మొదటే నేను నిండువాటిని తిప్పాను. ఖాళీవాటిని నవ్వుతూ నిలబెట్టాను. ఎప్పుడు చేశానో, ఎలా చేశానో, ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు. చేతులు చేశాయి, బుర్రకు తెలియదు. అంతకంటే రుజువేం కావాలి?"

"బాబాయ్, ఆ రోజు..."

"వద్దమ్మా. ఓదార్చకు. నువ్వు ఓదారిస్తే నాకు మరీ భయమేస్తుంది." నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అరచేయి తడిగా ఉంది. "ఒక్క సాయం చెయ్యి. నీ పుస్తకంలో నా పేరు పెట్టు. సిబ్బంది, గిబ్బంది అని దాచొద్దు. రేపు సభకు దర్జీ కూతురు కూడా వస్తోందట. అందరి ముందూ లేచి ఆమెకు నేనే చెప్పుకుంటాను. నాకు ఇంకా కాస్త తెలివి ఉండగానే."

వాక్యం గొంతు దాకా వచ్చింది. పిన్ని నా వైపే చూస్తోంది. "సరే బాబాయ్," అని లేచాను. పిన్ని టీ పెడుతున్నా ఆగలేదు.

ఆ సాయంత్రమంతా నాలో నేను బేరమాడుకున్నాను. సభ అయ్యాక ఆయన్ని ఒంటరిగా పిలిచి చెబుతాను. ఆయన భయం పోతుంది. అది కదా ముఖ్యం? పదిమందికి తెలియాల్సిన పనేముంది? తాత తిరిగి రాడు కదా. ఇలా అనుకునే మనసులో ఎంత తెలివి ఉందో చూసి నాకే ఆశ్చర్యమేసింది. మాస్టారి వాక్యాన్ని పంతొమ్మిదో పేజీలో గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాశాను.

ఆదివారం ఐదింటికి ఆసుపత్రి హాల్లో రోగులు కూర్చునే పాత బల్లలు నిండిపోయాయి. మంచాలు ఎప్పుడో తీసుకెళ్లిపోయారు. మందుల కిటికీ మూసి ఉంది. గోడ మీద 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద నలుగురైదుగురు ఆడవాళ్లు పెద్దగా కబుర్లు చెప్పుకుంటున్నారు. దర్జీ కూతురు రెండో బల్ల చివర కూర్చుంది. తండ్రి కొట్టును ఇప్పుడు తనే నడుపుతోంది. పనిలోంచే వచ్చినట్టుంది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పిన్ని ఆయన మోచేతిని వదలడం లేదు.

నేను చదవడం మొదలుపెట్టాను. ఇస్త్రీ షెడ్డు దగ్గర నవ్వారు. ఇరవై ఎత్తుల మంచాల దగ్గర ఇంకా నవ్వారు. "మాది అందరికంటే పొట్టి మంచం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పద్దెనిమిదో పేజీ అయిపోయింది. కాగితం తిప్పాను.

నేను నోరు తెరిచేలోగా బాబాయి లేచాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ. ఆ పేజీ చదివేముందు నేను చెప్పాల్సింది ఉంది." దర్జీ కూతురి వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీ నాన్నను నేనే... నాకు మతి సరిగా ఉండటం లేదు తల్లీ. ఆ సిలిండర్లు నేనే తప్పు తిప్పి..."

"బాబాయ్, కూర్చో," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తిప్పింది నువ్వు కాదు. నేను. రంగు వేయించడానికి తిప్పాను. తర్వాత ఏవి ఖాళీవో మర్చిపోయాను. తోచినవి తిప్పాను. నువ్వు అడిగితే ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను."

మాస్టారు లేచి నా భుజం తట్టారు.

"చూశారా, పెద్ద మనసు! బాబాయి మీద పడ్డ మచ్చను తన మీద వేసుకుంటోంది. అమ్మా, నీ అభిమానం మాకు తెలుసు. కానీ చరిత్ర చరిత్రే."

"నిజమే పాపం," అన్నారు ఎవరో. ఇద్దరు చప్పట్లు కొట్టారు. బాబాయి కళ్ల నిండా నీళ్లతో నన్ను చూసి, "నా కోసం అబద్ధాలాడకమ్మా," అన్నాడు.

అక్కడ ఆగిపోవచ్చు. చెప్పేశాను, వాళ్లు నమ్మలేదు, నా తప్పేముంది? మనసు అప్పుడే ఆ మెత్తటి చోటు చూసుకుని ఒదిగిపోతోంది. ఆ మెత్తదనం నాకు తెలిసినదే. ఎనిమిది నెలలుగా అందులోనే పడుకున్నాను.

"బాబాయ్, నంబర్లు సిలిండరుకు ఎటు వైపున్నాయి?" అని అడిగాను.

"ముందు వైపు. మూతి కింద."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. పదకొండింటికీ."

"అలిగి గోడకు మూతి పెట్టుకున్న నాలుగింటికి, ముట్టుకోకుండా, రంగతను మూతి కింద నంబరు ఎలా వేశాడు?"

బాబాయి పెదాలు కదిలాయి. గాలిలో చెయ్యి ఎత్తి, ఏదో బరువైనదాన్ని పట్టుకుని మెల్లగా తిప్పుతున్నట్టు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మాస్టారు కూర్చుండిపోయారు.

"తొమ్మిదోదానికి మూతి కిందే ఉంది నంబరు," అన్నాడు బాబాయి తనలో తను. "పదోదానికీ ఉంది. నేనే తుడిచాను..." పిన్ని వైపు తిరిగాడు. "ఏమేవ్, నాకు మతి పోలేదు."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మొహంలో సంతోషం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. నా వైపు నడిచి వచ్చి, ఒక అడుగు దూరంలో ఆగాడు.

"నిన్న నా చెయ్యి నీ చేతిలో ఉంది," అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. తిట్టు కోసం అలా ఎదురుచూడటం నాకు అదే మొదటిసారి.

దర్జీ కూతురు లేచి నిలబడింది. సంచిలోంచి కొలతలు రాసుకునే చిన్న పుస్తకం, పెన్సిలు తీసింది.

"మొదటి నుంచి చెప్పండి. నేను రాసుకోవాలి," అంది. గొంతులో ఏడుపు లేదు. కొలత తీసుకునేటప్పుడు ఉండే శ్రద్ధ ఉంది.

చెప్పాను. రంగు, రెండు గంటలు, గుమ్మం. నాలుగు, ఐదు. తర్వాత మర్చిపోయానన్నాను.

ఆమె రాయడం ఆపింది. "మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. ఆయనకు ఫోను ఎందుకు చెయ్యలేదు?"

హాలంతా నా నోటి వైపే చూస్తోంది. రకరకాల జవాబులు వరస కట్టాయి, ఒక్కటీ తప్పు కాదు. తనిఖీ హడావిడి, ఆయనింట్లో పురుడు, అప్పటికే సాయంత్రం కావడం.

"అడిగితే ఆయన నవ్వుతాడని," అన్నాను.

ఆమె అది రాసుకుంది. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"నవ్వేవారా?"

బాబాయి ఒక చేత్తో బల్లను పట్టుకుని నిలబడ్డాడు.

"నవ్వేవాణ్ణమ్మా," అన్నాడు. "వారం రోజులు వదిలేవాణ్ణి కాదు."

ఆమె తల వంచి, అదీ రాసుకుంది.